బొంత మీద ఎంబ్రాయిడరీ: చేత్తో కుట్టాలా, మెషిన్ కొనాలా? తేల్చుకోవడం ఎలా

"పాపాయి బొంత మీద పేరు, నాలుగు పువ్వులు వేయాలి. ఎంబ్రాయిడరీ మెషిన్ కొనేయమంటారా, చేత్తో కుట్టుకోమంటారా?" ఈ ప్రశ్న రాని వారం ఉండదు. అడిగేవాళ్ళలో సగం మంది అప్పటికే షోరూంకి వెళ్ళొచ్చి ఉంటారు. అక్కడ మెషిన్ దానంతటదే టకటకా గులాబీ కుట్టేస్తుంటే చూసి మనసు పారేసుకుని ఉంటారు. ఆ పరిస్థితి నాకు తెలుసు, నేనూ అలా నిలబడి చూసినదాన్నే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏడాదికి రెండు మూడు బొంతలు కుట్టేవాళ్ళకి మెషిన్ అక్కర్లేదు. చేత్తో కుట్టే ఓపిక లేకపోతే ఊళ్ళో జాకెట్లకి కంప్యూటర్ వర్క్ చేసే షాపులో వేయించుకోవచ్చు. ఒకే డిజైన్ పదే పదే వేయాల్సినవాళ్ళు, ఆర్డర్లు తీసుకునేవాళ్ళు మాత్రం మెషిన్ గురించి ఆలోచించాలి. అయితే నా మాట పట్టుకుని కొనకండి, మానకండి కూడా. ఒక పది రోజులు కింద చెప్పినట్టు చేసి చూస్తే మీ లెక్క మీకే తేలుతుంది.

ముందు ఈ తికమక తీరాలి

షాపులో "ఎంబ్రాయిడరీ మెషిన్" అంటే ఒక్కొక్కరు ఒక్కోటి చూపిస్తారు. జిగ్‌జాగ్ మెషిన్‌ని కూడా అలాగే పిలుస్తారు. దాని మీద రింగు బిగించిన బట్టను మన చేత్తో తిప్పుతూ కుట్టాలి. కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ వేరు. పెన్‌డ్రైవ్‌లో ఉన్న డిజైన్‌ని చదువుకుని ఫ్రేమును అదే జరుపుకుంటూ కుడుతుంది. ఈ రెండూ కాక, బొంత పొరలన్నిటినీ కలిపి కుట్టడానికి పొడవాటి చేయి ఉన్న క్విల్టింగ్ మెషిన్ ఉంటుంది. అది ఇంకో జాతి.

చాలామంది మోసపోయేది ఇక్కడే. ఎంబ్రాయిడరీ అంటే అలంకారం. బొంత పొరలు ఉతికినా జరగకుండా పట్టి ఉంచేవి పొడవునా వేసే దారం కుట్లు. మన అమ్మమ్మలు పాత చీరలు పరిచి వేసిన వరస కుట్లు, బెంగాల్ వాళ్ళ కాంతా కుట్లు ఈ రెండు పనులూ ఒకేసారి చేస్తాయి. లక్ష పెట్టి కొన్న కంప్యూటర్ మెషిన్ పువ్వు వేసిపెడుతుంది కానీ, ఆ పువ్వు చుట్టూ పొరలు కలిపి కుట్టే పని మళ్ళీ మీకే మిగులుతుంది. ఫ్రేములో పట్టినంత మేర ముక్కలు ముక్కలుగా పొరలు కలిపి కుట్టే డిజైన్లు ఉన్నాయి. కానీ పెద్ద బొంతకి ఫ్రేము విప్పి బిగించే పనే సరిపోతుంది.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- ఉతికిన పాత నూలు చీర ఒకటి. 5.5 మీటర్ల చీరను నాలుగు మడతలు వేస్తే సుమారు 54 అంగుళాల పొడవు, 45 అంగుళాల వెడల్పుతో నాలుగు పొరలు వస్తాయి. పిల్లల బొంతకి చక్కగా సరిపోతుంది.
- పరీక్ష కోసం 10 అంగుళాల చదరపు తెల్ల కాటన్ ముక్కలు ఆరు
- 6 లేక 7 అంగుళాల చెక్క రింగు
- ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం, రెండు రంగులు
- పెద్ద కన్ను, పదునైన మొన ఉన్న సూదులు, వేలి తొడుగు
- టేపు, సుద్ద, ఇస్త్రీ పెట్టె
- ఫోనులో స్టాప్‌వాచ్. దీన్ని మాత్రం మర్చిపోకండి.

1. ఒకే ఒక డిజైన్ ఎంచుకోండి

నాలుగు అంగుళాలకి మించని పువ్వు, రెండు ఆకులు, రెండు రంగులు చాలు. నెమళ్ళూ ఏనుగులూ ఇప్పుడే వద్దు. అన్ని పరీక్షల్లోనూ ఇదే డిజైన్ వాడాలి. చేతి కుట్టుకి ఒక డిజైన్, మెషిన్‌కి ఇంకొకటి తీసుకుంటే పోలిక కుదరదు.

సుద్దతో గీసుకోవడం క్షేమం. నీళ్ళతో పోయే నీలం పెన్ను వాడితే ఆ గీత కడగకముందు ఇస్త్రీ చేయకండి, వేడికి మరక అక్కడే ఉండిపోవచ్చు. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నుతో వేరే తంటా ఉంది. బాగా చల్లబడితే గీతలు మళ్ళీ పైకి తేలతాయి. మన ఊళ్ళలో పర్వాలేదు, అమెరికాలో ఉన్న కూతురికి పంపే బొంత మీద మాత్రం వద్దు.

2. చేత్తో కుట్టి టైమ్ చూసుకోండి

ఆరు పోగుల్లోంచి రెండు విడదీసుకోండి. ఒక్కో పోగునూ విడిగా లాగి తర్వాత రెంటినీ కలిపితే చిక్కు పడదు. దారం మోచేతి నుంచి వేలి కొస దాకా ఉంటే చాలు. మాటిమాటికీ ఎక్కించడానికి బద్ధకించి బారెడు దారం పెట్టుకుంటే సగంలో నలిగి నూగు లేస్తుంది.

కాడలకి కాడ కుట్టు, రేకుల అంచుకి గొలుసు కుట్టు వేయండి. స్టాప్‌వాచ్ మొదటి కుట్టుకి ఆన్ చేయండి, లేచిన ప్రతిసారీ ఆపండి. నాకు ఈ సైజు పువ్వు రెండున్నర గంటలు పడుతుంది. మొదటిసారి కుట్టేవాళ్ళకి నాలుగు గంటలు పట్టినా కంగారు పడక్కర్లేదు. రెండోది కుట్టి, ఆ టైమ్‌నే లెక్కలోకి తీసుకోండి.

గంటల లెక్కతో పాటు ఇంకొకటి రాసుకోండి: కుట్టి లేచాక మీకెలా ఉంది? మెడ పట్టేసిందా, కళ్ళు లాగాయా, లేక "అప్పుడే అయిపోయిందే" అనిపించిందా? చాలామంది నిర్ణయం నిజానికి ఇక్కడే అయిపోతుంది. సాయంత్రం టీవీ ముందు కూర్చుని కుట్టుకోవడమే ఇష్టమైన మనిషికి గంటలు మిగిల్చే మెషిన్ ఎందుకు?

3. అదే డిజైన్ బయట వేయించండి

కంప్యూటర్ ఎంబ్రాయిడరీ షాపులు ఇప్పుడు చిన్న టౌన్లలో కూడా ఉన్నాయి. మీ డిజైన్ తీసుకెళ్ళి రెండు ముక్కల మీద వేయించండి. అక్కడ మూడు విషయాలు అడిగి రాసుకోండి: డిజైన్ తయారు చేయడానికి ఎంత, ముక్కకి ఎంత, మొత్తం ఎన్ని కుట్లు. ఫొటో ఇస్తే మెషిన్ నేరుగా కుట్టలేదు. ప్రతి కుట్టూ ఎక్కడ పడాలో చెప్పే ఫైలు ఒకరు కూర్చుని తయారు చేయాలి, దాన్నే డిజిటైజింగ్ అంటారు. ఆ ఫైలు మీకు కూడా ఇమ్మని ముందే మాట్లాడుకోండి.

జాకెట్ డిజైన్లకి అలవాటు పడ్డవాళ్ళు బొంత ముక్క మీద కూడా దట్టంగా నింపేస్తారు. "గీత పని చాలు, లోపల నింపొద్దు" అని గట్టిగా చెప్పండి. జరీ, పూసలు, అద్దాలు కూడా వద్దు. లంబాడీ అద్దాల పని గోడకి వేలాడదీస్తే కన్నుల పండుగే, పసిపాప బుగ్గ కింద మాత్రం గుచ్చుకుంటుంది. మగ్గం వర్క్ చేయిస్తామని కూడా కొందరు అడుగుతుంటారు. మగ్గం సూదితో వేసే గొలుసు ఒక చోట తెగి కొస దొరికిందంటే వరసంతా ఊడొస్తుంది. రోజూ ఈడ్చుకుని తిరిగే బొంతకి అది నప్పదు.

4. మూడు ఉతుకులు ఉతకండి

ఈ మెట్టు దాటేసినవాళ్ళే తర్వాత ఫోన్లు చేస్తారు. చేత్తో కుట్టిన ముక్క, షాపు ముక్క రెండింటినీ టేపుతో కొలిచి రాసుకోండి. మీ ఇంట్లో దుప్పట్లు ఎలా ఉతుకుతారో అలాగే మూడుసార్లు ఉతికి ఆరేయండి. తర్వాత చూడాల్సినవి ఇవి:

- డిజైన్ చుట్టూ బట్ట ముడతలు పడి గిన్నెలా లేచిందా? లేస్తే డిజైన్ మరీ దట్టంగా ఉందన్నమాట, లేదా బట్ట ముడుచుకోకుండా మెషిన్ కుట్టు కింద పెట్టే కాగితం (స్టెబిలైజర్) చాలలేదు.
- వెనక వైపు మీ బుగ్గకి రాసి చూడండి. చేతికి మెత్తగా అనిపించేది బుగ్గకి గరుకుగా తగులుతుంది.
- ముక్కను మడతపెట్టండి. పువ్వు దగ్గర అట్టలా నిలబడితే కప్పుకోవడానికి పనికిరాదు.
- రంగు దిగిందా?

రంగు సంగతి ఉతకడం దాకా ఆగకుండా ముందే తేల్చుకోవచ్చు. దారాన్ని తడిపి, తెల్ల గుడ్డ మీద పెట్టి ఇస్త్రీతో అదమండి. గుడ్డకి గులాబీ మచ్చ అంటితే ఆ దారం వద్దు. మా పిన్ని మనవడి బొంతకి తెల్ల పంచె మీద ఎర్ర దారంతో రెండు వారాలు కుట్టాను. దారం మంచిదే అనుకుని ఈ పరీక్ష చేయలేదు. మొదటి ఉతుక్కే బొంతంతా హోలీ ఆడినట్టయింది. అప్పటి నుంచి ఎరుపు, మెరూన్, నీలం రంగుల్ని నమ్మను.

5. ఇప్పుడు లెక్క వేయండి

ఒక ఉదాహరణ. తొమ్మిది గడుల బొంత, గడికి ఒక పువ్వు.

చేత్తో అయితే పువ్వుకి రెండున్నర గంటల చొప్పున ఇరవై రెండున్నర గంటలు. రోజుకి గంట కూర్చుంటే మూడు వారాల పైమాట.

ఇంట్లో వాడే కంప్యూటర్ మెషిన్లు మామూలుగా నిమిషానికి 400 నుంచి 850 కుట్లు వేస్తాయి. డిజైన్‌లో 8,000 కుట్లున్నాయనుకుంటే 400 వేగంలో 20 నిమిషాలు. దారం రంగు మార్చడం, బట్ట బిగించడం, కాగితం చింపడం కలిపి ఇంకో పావుగంట. ఇంటి మెషిన్లకి సాధారణంగా ఒకే సూది ఉంటుంది, రంగు మారినప్పుడల్లా మీరే లేచి దారం ఎక్కించాలి. తొమ్మిది పువ్వులకి అయిదుంపావు గంటలు. అంటే బొంతకి పదిహేడు గంటలు మిగిలాయి.

షాపులో గడికి వంద రూపాయలు తీసుకున్నారనుకుందాం. బొంతకి 900. మెషిన్ ధర లక్ష అనుకుంటే, ఆ డబ్బుతో 111 బొంతలకి పువ్వులు వేయించొచ్చు. ఏడాదికి నాలుగు కుట్టినా ఇరవై ఏడేళ్ళు! మీ ఊరి రేటు, మీకు చెప్పిన మెషిన్ ధర పెట్టి ఇదే లెక్క వేయండి. దారాలు, కాగితాలు, సూదులు, సర్వీసు ఖర్చు మెషిన్ వైపు కలపడం మర్చిపోవద్దు. నెలకి పది బొంతల ఆర్డర్లున్న ఇంట్లో ఇదే లెక్క తలకిందులవుతుంది, అక్కడ మెషిన్ ఏడాదిలోపే తన డబ్బు తెచ్చుకుంటుంది. "మెషిన్ ఉంటే ఆర్డర్లు అవే వస్తాయి" అనే లెక్క మాత్రం వేయకండి. ముందు ఆర్డర్లు రానివ్వండి, అప్పటిదాకా షాపులో వేయించి ఇవ్వండి.

6. డబ్బు పెట్టకుండా ఇంకో దారి

ఇంట్లో పాత తొక్కుడు మెషిన్ ఉందా? ఒకప్పుడు కుట్టు సెంటర్లలో మెషిన్ ఎంబ్రాయిడరీ అని నేర్పింది దాని మీదే. బట్టను నొక్కి పట్టే ఫుట్ తీసేసి, కింద బట్టను లాగే పళ్ళను కిందికి దించండి. దించే వీలు లేకపోతే వాటి మీద కప్పే ప్లేటు దొరుకుతుంది. బట్టను రింగులో బిగించి, లోపలి వైపు మెషిన్ బల్లకి ఆనేలా తిప్పి పెట్టండి. ఫుట్ లేకపోయినా దాన్ని పట్టే మీటను కిందికి దించడం మరవకండి. దించకపోతే పైదారానికి బిగువు ఉండదు, కింద గూడు కట్టేస్తుంది. ఇక కాళ్ళు ఒకే లయలో ఆడిస్తూ రింగును చేతులతో తిప్పడమే. రింగు అంచులు పట్టుకోండి, వేళ్ళు సూది దగ్గరికి రానివ్వొద్దు. ఫుట్ లేని సూదికి అడ్డేమీ ఉండదు.

వారం రోజులు పాత గుడ్డ మీద గుండ్రాలు, "ల", "ం" రాస్తూ సాధన చేస్తే చేయి కుదురుతుంది. సన్నటి గీత పనికి ఇది నాకు కంప్యూటర్ మెషిన్ కన్నా నచ్చుతుంది. నచ్చనివాళ్ళు చాలామందే ఉన్నారు.

7. అయినా కొనాలనిపిస్తే, షోరూంలో ఇలా పరీక్షించండి

వాళ్ళ గట్టి బట్ట మీద వాళ్ళ గులాబీ చూసి రాకండి. మీ పాత చీర ముక్క, మీరు బొంత పొరల మధ్య పెట్టే బ్యాటింగ్ (మెత్తటి దూది పొర) ముక్క పట్టుకెళ్ళండి.

చదరంలో ఒక గుండ్రం, పక్కన ఒక నింపుడు అక్షరం కుట్టించండి. గుండ్రం కోడిగుడ్డయితే బట్ట సరిగా బిగించలేదు, లేదా కాగితం చాలలేదు. నింపుడుకీ అంచు గీతకీ మధ్య బట్ట కనబడితే అది కూడా అదే జబ్బు. వెనక్కి తిప్పండి: అక్షరం గీత వెడల్పులో మధ్యన మూడో వంతు బాబిన్ దారం (కింది దారం), రెండు పక్కలా పైదారం కనబడాలి. పైన బాబిన్ దారం చుక్కలుగా తేలుతుంటే పైదారం బిగువు ఎక్కువైంది.

ఫ్రేము సైజు దగ్గర జాగ్రత్త. బయటి కొలత కాదు, సూది నిజంగా కుట్టగల మేర ఎంతో అడగండి. 100 మిల్లీమీటర్ల చదరం, 130 × 180 అనేవి తరచుగా కనిపించే కొలతలు. మెషిన్ దాటలేని హద్దు అది. పెద్ద ఫ్రేము తర్వాత కొనుక్కుందాంలే అంటే కుదరదు. బొంతల కోసమైతే 130 × 180 కన్నా తక్కువది కొనొద్దని నేనంటాను. 100 చదరంలో పేరు పట్టదు.

ఇవి కూడా అడగండి: మధ్యలో కరెంటు పోతే ఆగిన చోటి నుంచి మొదలెడుతుందా? ఏ ఫైళ్ళు చదువుతుంది? బ్రదర్‌కి పీఈఎస్, జనోమికి జేఈఎఫ్, పెద్ద షాపుల మెషిన్లకి డీఎస్‌టీ ఎక్కువగా వాడతారు. మామూలు కుట్టు కూడా కుడుతుందా, ఎంబ్రాయిడరీ ఒక్కటేనా? సర్వీసు మీ ఊళ్ళోనా, హైదరాబాదుకో విజయవాడకో మోసుకెళ్ళాలా?

అమెరికా నుంచి వచ్చే బంధువులతో తెప్పించుకునేవాళ్ళు ముందు మెషిన్ అడుగున ఉన్న లేబుల్ ఫొటో పంపమనండి. 120 వోల్టులు అని మాత్రమే రాసి ఉంటే మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెట్టకూడదు, వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. ప్లగ్గు పిన్ను మార్చే అడాప్టర్ ఆ పని చేయదు. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లుతుందో లేదో కూడా కనుక్కోండి.

8. తెలుగులో పేరు వేయాలంటే

మెషిన్లలో ముందే వచ్చే అక్షరాలు సాధారణంగా ఇంగ్లీషువే. తెలుగు పేరు ప్రతిదీ విడిగా డిజిటైజ్ చేయించాల్సిందే. పైగా మన వత్తులతో పేచీ ఉంది. "కృష్ణప్రియ" అని అర అంగుళం ఎత్తులో కుట్టిస్తే ణ వత్తు, క్రావడి దారంతో పూడుకుపోయి ఉండలా కనిపిస్తాయి. అసలు అక్షరం కనీసం అంగుళం ఎత్తుండాలి. ఫైలు చేసేవాళ్ళకి తెలుగు రాకపోతే వత్తు పక్క అక్షరం కిందికి జరిగిపోవడం కూడా చూశాను. కాగితం మీద తెలిసినవాళ్ళ చేత పెద్దగా రాయించి ఇవ్వండి, కుట్టేముందు స్క్రీన్ మీద చదివి చూసుకోండి.

ఈ ఒక్క పనిలో చేతి కుట్టే గెలుస్తుంది. మన అక్షరాలన్నీ గుండ్రాలు, కాడ కుట్టు ఒంపు తిరిగినంత సుఖంగా ఇంకేదీ తిరగదు. ఒంపుల దగ్గర కుట్టు సగానికి చిన్నది చేయండి. తలకట్టు చివర్లో వేయండి. అమ్మమ్మ చేతిరాతలో పేరు రాయించి దాని మీదే కుట్టొచ్చు, దీనికి పైసా ఖర్చు లేదు.

9. మొదటి బొంత: ఏది ముందు, ఏది తర్వాత

చేయైనా మెషినైనా, ఎంబ్రాయిడరీ ముందు పై పొర మీదే చేయండి. పొరలు తర్వాత. ముందే పొరలన్నీ కలిపేసి మెషిన్‌కి ఎక్కిస్తే బొంత బరువు ఫ్రేమును లాగి డిజైన్ పక్కకి జరుగుతుంది. మిగతా బొంతని చుట్టినా మెషిన్ చేయి కింద పట్టదు.

బట్టలన్నీ ముందు ఉతికి ఆరేసుకోండి. పూర్తయ్యాక గడి 8 అంగుళాలుండాలంటే 10 అంగుళాల ముక్క తీసుకోండి. పాత చీర మెత్తగా ఉంటుంది కాబట్టి మెషిన్ కోసమైతే వెనక పలచటి ఫ్యూజింగ్ (ఇస్త్రీ వేడికి అతుక్కునే గుడ్డ) అతికించి, దాని కింద చింపే రకం స్టెబిలైజర్ పెట్టండి. 75/11 ఎంబ్రాయిడరీ సూది సరిపోతుంది. వేగం తగ్గించి మొదలెట్టండి. కుట్టడం అయ్యాక కాగితం చింపేటప్పుడు కుట్ల మీద వేలు అదిమి పట్టుకుని చింపాలి, లాగేస్తే దారం వదులవుతుంది.

ముక్కను మందపాటి తువ్వాలు మీద బోర్లించి ఇస్త్రీ చేయండి. ఆ తర్వాతే ఎనిమిదిన్నర అంగుళాలకి కత్తిరించండి, నాలుగు వైపులా పావు అంగుళం కుట్టులోకి పోతుంది. ముందే కత్తిరించి తర్వాత ఎంబ్రాయిడరీ చేస్తే బట్ట ముడుచుకుని గడులు ఒకదానికొకటి కలవవు. నా మొదటి బొంతలో తొమ్మిది గడుల్లో నాలుగు అలాగే పోయాయి.

చేత్తో కుట్టేవాళ్ళు ముదురు రంగు దారాన్ని ఒక రేకు నుంచి ఇంకో రేకుకి వెనక నుంచి ఈడ్చుకెళ్ళకండి. తెల్ల బట్ట మీద ఆ నీడ పైకి కనిపిస్తుంది. కాస్త విసుగైనా దారం తెంపి మళ్ళీ మొదలెట్టాలి.

గడులు కలిపాక పొరలు పరిచి, మధ్య నుంచి అంచుల వైపు టాకాలు వేయండి. పువ్వుల మీద కుట్టకుండా వాటి అంచు చుట్టూ ఒక వరస, మిగతా చోట అంగుళం ఎడంలో వరసలు వేయండి. వెనక పొర ఎంబ్రాయిడరీ గరుకునంతా కప్పేస్తుంది.

10. అయిపోయాక చూసుకోవాల్సినవి

బొంతను నేల మీద పరిచి నాలుగు మూలలూ లాగకుండా వదలండి. మూలలు నేలకి ఆనకుండా లేస్తే వరసల్లో ఎక్కడో దారం బిగువైంది. ఆ వరస కనిపెట్టి తెంపి మళ్ళీ వేయండి, ఉతికితే అదే సర్దుకుంటుందని వదిలేయొద్దు. తర్వాత అరచేతిని వెనక పక్కంతా నిమరండి. ముడి ఎక్కడ తగిలినా లోపలికి దూర్చేయండి. చిటికెన వేలు ఏ కుట్టు కిందికైనా దూరుతోందా చూడండి. దూరితే పసిపిల్లల వేళ్ళు ఇంకా తేలిగ్గా చిక్కుకుంటాయి, ఆ కుట్టు తీసేసి చిన్నవిగా రెండు వేయండి.

చివరగా ఒక సూది లెక్క. మొదలెట్టినప్పుడు డబ్బాలో ఎన్ని సూదులు, గుండుసూదులు ఉన్నాయో చీటీ మీద రాసి పెట్టుకోండి. బొంత మడతపెట్టేముందు అన్నీ లెక్కకి వచ్చాయో లేదో చూసుకోండి. ఒక్కటి తగ్గినా బొంత ఎవరికీ ఇవ్వకండి, అయస్కాంతం పెట్టి అంగుళం అంగుళం వెతకండి.